వినికిడి, కుదుపు, పగులు: భూమి మోగిన ఒక పల్లెలో అగ్నిపర్వతాల పాఠాలు

2021 నవంబరు చివరి వారం. తిరుపతి ఇంకా వరద బురద కడుక్కుంటూనే ఉంది. రాయలచెరువు కట్ట నుంచి నీరు కారుతోందని దిగువ పల్లెలను ఖాళీ చేయించి ఎన్నో రోజులు కాలేదు. అన్నమయ్య జలాశయం మట్టికట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊళ్లు కొట్టుకుపోయిన దుఃఖం పచ్చిగా ఉంది. అందరి చూపూ చెరువు కట్టల మీదే ఉన్న ఆ రోజుల్లో, పలమనేరు దిక్కు నుంచి ఒక గ్రామ సచివాలయ ఉద్యోగిని నాకు ఫోను చేసింది.

"మేడమ్, మా ఊళ్లో నేల లోపలి నుంచి శబ్దాలు వస్తున్నాయి. జనం ఇళ్లలో పడుకోవడం లేదు. కొండ పేలుతుందని, అగ్నిపర్వతం పుడుతుందని అంటున్నారు. మీరు భూగర్భశాస్త్రం చదివారు కదా, ఒకసారి వచ్చి చెబుతారా?"

నేను తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివాను. ఆ తర్వాత విపత్తు సన్నద్ధత శిక్షణలో పడి, సచివాలయ సిబ్బందికి, వాలంటీర్లకు, బడిపిల్లలకు పాఠాలు చెబుతూ వస్తున్నాను. ఆ పాఠాల్లో అగ్నిపర్వతాల కథలు తరచూ చెబుతాను. చిత్తూరు జిల్లాకు అగ్నిపర్వతాలతో ఏం పని అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. ముప్పు వస్తుందో రాదో, వస్తే ఎప్పుడో ఎవరికీ తెలియని స్థితిలో వేలమంది ఏం చేశారో, ఏం చేయలేకపోయారో అగ్నిపర్వతాల చరిత్రలో ఉన్నంత వివరంగా మరెక్కడా దొరకదని వారికి చెబుతాను. ఈ పల్లెలో గడిపిన ఏడు వారాల తర్వాత ఆ మాట నాకే కొత్తగా అర్థమైంది. అందుకే దీన్ని రాసి పెడుతున్నాను. ఊరి పేరు మాత్రం రాయడం లేదు. ఆ నెలంతా శబ్దాల ఊరు అని పిలిపించుకుని వారు పడ్డ బాధ చాలు.

మొదటి సాయంత్రం

వెళ్లేసరికి నాలుగు దాటింది. తుంపర పడుతోంది. రామాలయం ముందు టార్పాలిన్ పట్టలు కట్టి, వాటి కింద నులక మంచాలు వేసుకుని ఉన్నారు. ఆ ఎత్తున కార్తీకమాసపు చలి ఎలా ఉంటుందో పలమనేరు వారికి నేను చెప్పనక్కర్లేదు. పసిపిల్లలు దగ్గుతున్నారు. ఒక పెద్దాయన దుప్పటి మీద గోనెసంచి కప్పుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఊరు సుమారు నూట నలభై గడపలు. సగానికి పైగా సిమెంటు స్లాబు ఇళ్లే. పాత వీధిలో మాత్రం రాతి గోడలు, దూలాలు, వాటి మీద అడుగు మందాన మట్టి పోసిన మిద్దెలు ఇంకా నిలిచి ఉన్నాయి.

ఒక కుర్రవాడు ఫోను చూపించాడు. నల్లటి లావా మెల్లగా జరుగుతూ ఒక తెల్లటి ఇంటిని కమ్మేస్తోంది. చిత్తూరు జిల్లాలో బయటపడ్డ అగ్నిపర్వతమని ఎవరో తెలుగులో గొంతు కలిపారు. అది స్పెయిన్‌కు చెందిన లా పాల్మా దీవి. అక్కడ 2021 సెప్టెంబరు 11న భూప్రకంపనలు గుంపుగా మొదలై, ఎనిమిది రోజులకు, సెప్టెంబరు 19న, నేల చీలి లావా బయటకు వచ్చింది. నేను ఊళ్లో నిలబడి చూస్తున్న రోజుకు కూడా అది ఆగలేదు. డిసెంబరు 13 వరకు సాగింది. శబ్దాల గురించి, కుదుపుల గురించి వార్తల్లో చెప్పిన మాటలన్నీ తమ ఊరికి సరిగ్గా అతికినట్టు ఉండటంతో జనం నమ్మారు. వారిది అజ్ఞానమని నేను అనుకోలేదు. ఒకే లక్షణానికి రెండు రోగాలు ఉండవచ్చని తెలియక రోగి కంగారుపడితే తప్పేముంది?

మాట్లాడుతుండగానే ఒకసారి మోగింది. క్వారీలో మందు పేలితే శబ్దం గాలిలో వస్తుంది, చెవి అటు తిరుగుతుంది. ఇది అరికాళ్ల కింది నుంచి వచ్చింది. ధబ్ అని ఒక్కటే. పక్కన స్టీలు బిందెలో నీటి మీద సన్నని వలయాలు లేచి అంచులకు తాకి అణిగాయి. ఎవరూ అరవలేదు. అప్పటికే అలవాటు పడినట్టు అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

గుడి మెట్లు క్వారీలో తెచ్చిన నల్లరాతి ముక్కలతో కట్టినవి. ఒక మెట్టు మీద చెయ్యి వేసి చెప్పాను. మీ దిక్కున బ్లాక్ గ్రానైట్ అని తవ్వి అమ్మే ఈ రాయి ఒకప్పటి శిలాద్రవమే. నేల పగుళ్లలోకి ఎక్కి, బయటకు రాకుండా లోపలే గడ్డకట్టి, గోడల్లా నిలిచింది. అది జరిగి దాదాపు రెండు వందల కోట్ల ఏళ్లు. తడిపి చూస్తే పంచదార పలుకులంత స్ఫటికాలు మెరుస్తాయి. నిదానంగా చల్లారిందనడానికి అదే గుర్తు. ఇప్పుడు దీని కింద ఉడుకుతున్నది ఏమీ లేదు. మన దేశంలో నిప్పు కక్కే కొండ ఒక్కటే, అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి. పోర్టు బ్లెయిర్ నుంచి పడవలో పోవాలి. అక్కడ మనుషులే ఉండరు.

ముసలివాళ్లు కూడా ఒంగి ఆ మెట్టును తడిమి చూశారు. "కాబట్టి అగ్నిపర్వతం మాట మరిచిపోండి, భయపడకండి" అని ముగించాను. చెప్పినదాంట్లో శాస్త్రానికి విరుద్ధమైన మాట ఒక్కటీ లేదు. జనం ఊపిరి పీల్చుకున్నారు. పిల్లలు తడుస్తున్నారని చాలామంది మంచాలు ఎత్తుకుని ఇళ్లలోకి వెళ్లారు.

ఆ రాత్రి ఒంటిగంట దాటాక అంతవరకు వచ్చినవాటి కంటే గట్టి కుదుపు వచ్చింది. పాత వీధిలో ఒక మిద్దె వెనక గోడ మూల విరిగి, గింజల డ్రమ్ము మీద పడింది. ఆ ఇంటి అవ్వ ముందు గదిలో పడుకుంది కాబట్టి బతికింది. తెల్లవారి నేను వెళ్లేసరికి ఆమె రాళ్ల మధ్య నుంచి రాగులు ఏరుతోంది. నన్ను చూసి నిష్ఠూరమేమీ లేకుండా అంది: "నువ్వు చెప్పావని లోపల పడుకున్నానమ్మా."

నేను ఎక్కడ తప్పాను

వారు నన్ను అడిగిన ప్రశ్న అగ్నిపర్వతం గురించి. దానికి సరైన జవాబే చెప్పాను. వారికి కావలసిన జవాబు మాత్రం వేరు: ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి? దాని గురించి ఒక్క మాట అనలేదు. భయపడకండి అనే మాటలో ఇంట్లోకి వెళ్లండి అనే ఆదేశం దాగి ఉందని నాకు తట్టలేదు.

కొలంబియాలోని ఆర్మెరో కథను ఎన్ని తరగతుల్లో చెప్పానో లెక్కలేదు. మంచు కప్పిన నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతం ఏడాదిగా అలజడి చూపింది. ఏ ఊళ్లు బురద ప్రవాహంలో మునుగుతాయో చూపే పటం 1985 అక్టోబరులోనే సిద్ధమైంది. అందులో ఆర్మెరో ఉంది. అది 1845లో వచ్చిన బురద ప్రవాహపు మేట మీదనే కట్టుకున్న పట్టణం. నవంబరు 13 మధ్యాహ్నం బూడిద రాలింది. కంగారు పడవద్దని, ఇళ్లలోనే ఉండమని రేడియోలో జనానికి చెప్పారు. రాత్రి తొమ్మిది దాటాక కొండ పేలింది. మంచు కరిగి, మట్టితో కలిసి, లోయల వెంట దిగి సుమారు రెండున్నర గంటల తర్వాత ఆర్మెరోను కమ్మింది. ఆ రాత్రి దాదాపు 23,000 మంది పోయారు. గట్టు ఎక్కడానికి రెండు గంటలకు పైగా వ్యవధి ఉండి కూడా ఇంత ఘోరం జరిగింది. ఆ పాఠం చెప్పే నేనే ఆ పల్లెలో గుడి మెట్టు మీద నిలబడి ఆ రేడియో మాటే మళ్లీ చెప్పాను. ఈ తప్పును దాచుకోకుండా ఇక్కడ రాయడం అవసరం అనుకుంటున్నాను. ఎందుకంటే మా వృత్తిలో చాలామందిమి భయాన్ని పోగొట్టడమే పని అనుకుంటాం. భయపడిన మనిషికి చేయడానికి ఒక పని చూపించాలి. భయం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

శబ్దం ఎక్కడిది

పశ్చిమ చిత్తూరు నేల కింద ఉన్నది పాత గ్రానైటు, నైస్ అనే చారల రాయి. గట్టిదే, కానీ పగుళ్లు చాలా. బోరు వేసినవారందరికీ ఈ సంగతి తెలుసు. పగులు తగిలితేనే నీరు. ఏళ్ల తరబడి ఎండిపోయిన ఆ పగుళ్లలోకి ఒక్క నెలలో విపరీతమైన వాన నీరు దిగితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పటికే బిగుసుకుని ఉన్న రాతి పలకలు ఆ ఒత్తిడికి కొంచెం జారుతాయి. ఆ జారుడే ఈ చిన్న ప్రకంపన. నేలకు బాగా దగ్గరలో జరుగుతుంది కాబట్టి కుదుపు కంటే ముందు శబ్దం వినిపిస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాదు బోరబండలో ఇలాంటి శబ్దాలే వచ్చినప్పుడు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అయిన ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు అక్కడే పరికరాలు పెట్టి నమోదు చేశారు.

అగ్నిపర్వతం దగ్గర కూడా నేల మోగుతుంది. అక్కడ రాయిని పగలగొట్టుకుంటూ పైకి వచ్చేది శిలాద్రవం. అందుకే అక్కడి నిపుణులు ప్రకంపనలను ఒక్కటే చూసి తీర్పు చెప్పరు. కొండ ఒళ్లు ఉబ్బుతోందా అని జీపీఎస్‌తో, వాలు కొలిచే పరికరాలతో, ఉపగ్రహ చిత్రాలతో చూస్తారు. పగుళ్లలోంచి వచ్చే గంధకపు వాయువు ఎంతో కొలుస్తారు. మూడూ ఒకే దిక్కు చూపినప్పుడు నమ్మకం పెరుగుతుంది. మన ఊళ్లో ఉబ్బు లేదు, వాయువు లేదు, కింద వేడి లేదు. ఉన్నది ప్రకంపన ఒక్కటే.

అంతమాత్రాన ఊరికే పోతుందనీ చెప్పలేం. మహారాష్ట్రలోని కిల్లారిలో 1992లో ఇలాగే చిన్న ప్రకంపనలు వరుసగా వచ్చాయి, జనం బయట పడుకున్నారు, తర్వాత సద్దుమణిగాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం ముగించుకుని అలసి పడుకున్న ఊళ్ల మీద 6.2 తీవ్రత భూకంపం విరుచుకుపడింది. దాదాపు పదివేల మంది చనిపోయారు. వారిని చంపింది చాలావరకు రాతి గోడలు, వాటి మీది బరువైన మట్టి కప్పులు. ఇలాంటి ప్రకంపనల గుంపుల్లో అత్యధికం దానంతట అదే ఆగిపోతాయి. ఏది ఆగుతుందో, ఏది ఆగదో ముందుగా చెప్పే పద్ధతి ఎవరి దగ్గరా లేదు. రెండోరోజు సాయంత్రం గుడి ముందు నిలబడి, కిల్లారి పేరు ఎత్తి, ఈ రెండు మాటలూ కలిపి చెప్పాను. సచివాలయ సిబ్బందిలో ఒకరికి అది నచ్చలేదు, జనం ఇంకా బెదిరిపోతారని. బెదిరిపోలేదు. "అయితే మిద్దెల్లో మాత్రం పడుకోకూడదన్నమాట" అని వెనక నుంచి ఒకాయన అన్నాడు. అంతకంటే చక్కగా నేను చెప్పలేను.

పినతుబో గుర్తొచ్చిందీ ఈ మిద్దెలను చూసినప్పుడే. ఫిలిప్పీన్స్‌లోని ఆ కొండ దాదాపు 500 ఏళ్లు నిద్రపోయి 1991 జూన్ 15న భయంకరంగా పేలింది. అదే రోజు తుపాను వచ్చింది. రాలిన బూడిద వాన నీటిని పీల్చుకుని తడిసిన సిమెంటులా బరువెక్కి ఇళ్ల కప్పులను కూల్చింది. ఆ రోజుల్లో పోయినవారిలో ఎక్కువమంది కప్పుల కిందే పోయారు. మన మట్టి మిద్దె కూడా మూడు వారాల వాన తాగి ఉంది. దూలం చివర గోడలోకి దిగే చోట వేలు పెడితే చెక్క మెత్తగా ఉంది. భూమి కుదిపినా కుదపకపోయినా అది కూలడానికి సిద్ధంగా ఉన్న ఇల్లే.

పాల కేంద్రం

మూడోరోజు నుంచి అసలు పని మొదలైంది. మొదట కావలసింది లెక్క. రోజుకు ఎన్నిసార్లు మోగుతోందని అడిగితే ఒకరు ఐదు అంటారు, ఒకరు యాభై అంటారు. రాత్రి మోగినది, క్వారీలో పేలినది, ఉరుము, అన్నీ కలిసిపోయాయి. హైదరాబాదు నుంచి నిపుణులు వచ్చి తాత్కాలికంగా ప్రకంపనలు నమోదు చేసే సీస్మోగ్రాఫ్ పెట్టడానికి ఇంకా రోజులు పట్టేలా ఉంది. ఈలోగా ఊరంతా ఒకచోట రోజుకు రెండుసార్లు చేరే స్థలం ఏదని అడిగాను. గుడి కాదు, బడి కాదు, సచివాలయం అంతకంటే కాదు. పాల కేంద్రం. చిత్తూరు జిల్లాలో పాడి లేని పల్లె అరుదు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గడపకొకరు క్యానుతో అక్కడ వరుసలో నిలబడతారు.

వెన్న శాతం చూసే యంత్రం పక్కన, గోడకు కొట్టిన మేకుకు పురికొసతో ఒక నోటు పుస్తకం కట్టాం. పాలు పోసే ప్రతి మనిషినీ కేంద్రం నడిపే అన్న ఒక్క ప్రశ్న అడిగేవాడు: నిన్నటి నుంచి ఏమైనా విన్నావా, ఏ సమయానికి? రాసేవి నాలుగే. సమయం. శబ్దం ఒక్కటేనా, కుదుపు కూడా ఉందా. అలమారలో గిన్నెలు కదిలాయా. గోడలో కొత్త చీలిక వచ్చిందా. ఒకే సమయం నలుగురైదుగురి నోట వస్తే అది లెక్క, ఒక్కరే చెబితే పక్కన గుర్తు పెట్టి ఉంచడం. క్వారీ పేలుళ్ల వేళలు ముందే తెలుసుకుని వాటిని తీసేశాం. వారం తిరిగేసరికి ఆ పుస్తకంలో ఒక ఆకారం కనిపించింది. పెద్ద వాన పడిన తర్వాత ఒకటి రెండు రోజులకు శబ్దాలు పెరుగుతున్నాయి. ఈ సంగతి నేను చెప్పలేదు. వెన్న శాతం రాసే అన్నే వేలితో చూపించాడు. ఆ రోజు నుంచి ఊరు ఆకాశం చూసి శబ్దాలను అంచనా వేయడం మొదలుపెట్టింది. తమ కళ్లతో చూసిన సంబంధం కాబట్టి ఫోనులో వచ్చే వీడియోలకు ఆ తర్వాత బలం తగ్గింది.

పినతుబో దగ్గర ఫిలిప్పీన్స్ అగ్నిపర్వత, భూకంప పరిశోధన సంస్థ ఫివోల్క్స్, అమెరికా భూగర్భ సర్వే కలిసి ఐదు హెచ్చరిక స్థాయిలు రాసుకున్నాయి. జూన్ 9న ఐదో స్థాయికి పెంచారు, మరునాడు క్లార్క్ వైమానిక స్థావరం ఖాళీ అయింది, ఐదు రోజులకు కొండ పేలింది. ఆ తరలింపు కనీసం ఐదువేల ప్రాణాలు కాపాడిందని లెక్కవేశారు. ఊరికి ఐదు స్థాయిలు ఎక్కువ. మాకు మూడు చాలు అనుకున్నాం. పేర్లు నేను ఒకటి, రెండు, మూడు అని పెట్టబోతే పాల కేంద్రం ముందు నిలబడ్డ ఒక అక్క అడ్డుకుంది. "అంకె ఎవరికి గుర్తుంటుంది మేడమ్? విన్నాం, ఊగాం, పగిలింది. అంతే కదా." అలా వినికిడి, కుదుపు, పగులు అయ్యాయి.

వినికిడి అంటే శబ్దం ఒక్కటే. అప్పుడు మట్టి మిద్దెల వారు మాత్రం రాత్రి బయటకు రావాలి. స్లాబు ఇళ్ల వారు ఇంట్లోనే, బరువైన వస్తువులు తలాపున లేకుండా చూసుకుని పడుకోవచ్చు. కుదుపు అంటే గిన్నెలు కదిలేంత. అప్పుడు పాత వీధి పగలు కూడా ఖాళీ. బడి తాళం రెండోది పాల కేంద్రంలో ఉంటుంది. పగులు అంటే ఏ ఒక్క ఇంటి గోడలోనైనా కొత్త చీలిక. అప్పుడు ఊరంతా బడి మైదానానికి, నడవలేనివారు అందరికంటే ముందు. లా పాల్మాలో కూడా నేల చీలక ముందే నడవలేని వారిని తరలించడం మొదలుపెట్టారు. ఎవరు ఎవరిని మోయాలో పేర్లతో రాశాం. పెద్దాయన ఒకరు తనను మోయబోయే మనవడి భుజాలు తట్టి చూసి, వీడు సరిపోడు, ఇంకొకరిని చేర్చండి అన్నాడు. చేర్చాం.

ఆవులు

ఇంతవరకు కాగితం మీద చక్కగా ఉంది. ఆ ఆదివారం అభ్యాసం చేశాం. గుడి మైకులో చెప్పగానే జనం బడికి వచ్చారు. అరగంట తిరగకముందే సగం మంది కనపడలేదు. పాలు పితికే వేళ. కొట్టాల్లోకి వెళ్లారు. ఆ కొట్టాలు ఎక్కడున్నాయంటే పాత మిద్దెల గోడలకే చేరబడి ఉన్నాయి.

ఇండోనేషియాలోని మెరాపి కొండ వాలు మీద కూడా పాడి రైతులే ఎక్కువ. 2010 అక్టోబరులో హెచ్చరిక అత్యున్నత స్థాయికి వెళ్లాక లక్షలమందిని శిబిరాలకు తరలించారు. ప్రమాద వలయాన్ని పది కిలోమీటర్ల నుంచి చివరకు ఇరవై కిలోమీటర్లకు పెంచారు. అయినా రైతులు పగలు ఆవులకు గడ్డి వేయడానికి కొండ ఎక్కుతూనే ఉన్నారు. చివరకు ప్రభుత్వమే ఆ పశువులను కొంటానని ప్రకటించాల్సి వచ్చింది. ఆ తరలింపు వేల ప్రాణాలు కాపాడింది. అయినా మూడు వందల మందికి పైగా పోయారు. ఈ సంగతి నాకు చదువుగా తెలుసు. పొదుగు నిండి అరుస్తున్న ఆవును వదిలి మైదానంలో కూర్చోలేక ఒక తల్లి చేతులు నలుపుకుంటుంటే చూసినప్పుడు అసలు సంగతి తెలిసింది. ఆవు ఆ ఇంటి నెల జీతం. ఈనిన ఆవును రెండు పూటలు పితకకపోతే పొదుగువాపు రావచ్చు. మనిషిని తరలించి ఆవును వదిలే ప్రణాళికను ఆ ఊళ్లో ఎవరూ పాటించరు. పాటించమని అడిగే హక్కు కూడా మాకు లేదు.

అందుకని వరుస తిరగేశాం. ముందు ఆవులు. చెరువు గట్టు అవతలి మామిడితోటలో గుంజలు పాతి, పలుపులు కట్టి, తొట్లు పెట్టాం. తోట యజమాని మొదట ఒప్పుకోలేదు, చెట్ల మొదళ్లు తొక్కుతాయని. పేడ మొత్తం ఆయనకే అన్నాక ఒప్పుకున్నాడు. కుదుపు స్థాయి రాగానే పాత వీధి ఆవులు తోటకు వెళ్తాయి. క్యాన్లు కూడా అక్కడికే వస్తాయి. పాల బండి రెండు వారాల పాటు ఊళ్లోకి రాకుండా తోట దగ్గర ఆగింది. రెండోసారి అభ్యాసం చేసినప్పుడు ఎవరూ వెనక్కి వెళ్లలేదు. వెళ్లడానికి అక్కడ ఏమీ లేదు.

పాల కేంద్రం అల్లిన వలలో ఒక పెద్ద కంత ఉందని మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఊరి చివర, గుట్ట కింద యానాదుల కాలనీ ఉంది. వారికి ఆవులు లేవు. పాలు పోయనివారు కేంద్రానికి రారు. పుస్తకంలో వారి మాట లేదు. గుడి మైకు వారికి వినపడదు. ఇళ్లు తేలికపాటి రేకుల ఇళ్లు కాబట్టి గోడ కూలే భయం తక్కువే. కానీ తల ఎత్తి చూస్తే గుట్ట మీద ఏనుగులంత గుండ్లు, ఒకదాని మీద ఒకటి, వాన కోసిన మట్టి మీద నిలబడి ఉన్నాయి. అదే డిసెంబరు 1న తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగి గుండ్లు రోడ్డును పగలగొట్టాయి. ఆ వార్త చూసినప్పుడే నాకు ఈ గుట్ట తట్టింది. అంటే దాదాపు వారం గడిచాక. ఊళ్లో అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న పాతిక కుటుంబాలను అందరికంటే చివర అడిగాను. వెళ్లి అడిగితే కాలనీ పెద్ద చెప్పాడు, కుదుపు వచ్చిన ప్రతిసారీ గుట్ట మీద చిన్న రాళ్లు దొర్లే చప్పుడు వినపడుతోందని. మేము నోటు పుస్తకంలో పట్టుకోలేని సమాచారం అది, అన్నిటికంటే విలువైనది. మర్నాటి నుంచి కాలనీ నుంచి ఇద్దరు పొద్దునా సాయంత్రం పాల కేంద్రానికి వచ్చి తమ మాట రాయించారు. దొర్లుడు వినపడితే వారికి నేరుగా పగులు స్థాయే అని నియమం మార్చాం. ఆ పాతిక కుటుంబాలు పదకొండు రాత్రులు బడిలో పడుకున్నాయి.

తిరిగి వెళ్లడం

బయటకు రమ్మనడం కంటే ఎప్పుడు లోపలికి పోవచ్చో చెప్పడం కష్టం. 1976లో గ్వాడెలోప్ దీవిలో సూఫ్రియేర్ కొండ పేలుతుందని 70,000 మందికి పైగా జనాన్ని మూడు నెలలకు పైగా ఇళ్లకు దూరంగా ఉంచారు. ఆవిరి, బూడిద తప్ప పెద్ద పేలుడు రాలేదు. శాస్త్రవేత్తలు బహిరంగంగా వాదులాడుకున్నారు. తరలింపు ఊరికే ఉండదు. పినతుబో పేలుడును తప్పించుకున్న ఆయెటా గిరిజనుల పిల్లలు ఎందరో తర్వాత శిబిరాల్లో తట్టు సోకి చనిపోయారు. మా ఊళ్లో కూడా చలిలో పడుకుని ఇద్దరు పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రికి తీసుకెళ్లాం, కోలుకున్నారు. ఆ తర్వాత టార్పాలిన్ కింద ఎవరినీ పడుకోనివ్వలేదు. బడి గదులు, స్లాబు ఇళ్ల వరండాలు, అంతే.

ఇంకో పక్క, ప్రశాంతత మోసం చేస్తుంది. పినతుబో దగ్గర గంధక వాయువు మే 13న రోజుకు 500 టన్నులు ఉండి, మే 28 నాటికి 5,000 టన్నులు దాటి, తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. కొండ శాంతించిందని చూసినవారికి అనిపించవచ్చు. నిజానికి వాయువు దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతోందని నిపుణులు అనుమానించారు. అందుకే వారి నియమాల్లో ఒక షరతు ఉంది. లక్షణాలు తగ్గిన వెంటనే స్థాయి తగ్గించకూడదు. నాలుగో స్థాయి నుంచి మూడుకు దిగాలంటే వారం ఆగాలి. ఆ షరతును మేము అలాగే తెచ్చుకున్నాం. పగులు నుంచి కుదుపుకు దిగాలంటే ఏడు రోజులు కొత్త చీలిక ఉండకూడదు. కుదుపు నుంచి వినికిడికి మూడు రోజులు. వాన పడితే లెక్క మొదటికి వస్తుంది.

ఈ షరతులను వెళ్లే షరతులతో పాటే, అదే రోజు, అదే కాగితం మీద రాశాం. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే సలహా ఇదే. తిరిగి ఎప్పుడు రావచ్చో తెలియనివారు ఇల్లు వదిలి రారు. వచ్చినా మూడోరోజుకు ఎవరికి తోచినట్టు వారు వెళ్లిపోతారు. కాగితం మీద ఏడు రోజులని ఉంటే ఐదోరోజున ఓపిక పట్టగలిగారు. ఆరోరోజు రాత్రి ఒక చీలిక బయటపడి లెక్క మళ్లీ మొదలైనప్పుడు తిట్టుకున్నారు, కానీ కదల్లేదు.

డిసెంబరు మూడో వారంలో వానలు తగ్గాయి. శబ్దాలు పలచబడ్డాయి. నిపుణుల పరికరం నమోదు చేసినవన్నీ చిన్నవే, నేలకు దగ్గరవే. సంక్రాంతికి ముందు వారంలో పాల కేంద్రం ముందు కాగితం తీసి, అందరూ వినేలా చదివి, స్థాయి దించాం. ఆ ఏడు వారాల్లో రెండు మిద్దెలు కూలాయి. రెండింటిలోనూ ఎవరూ లేరు. ఒక దూడ కాలు విరిగింది.

రాగులు ఏరిన అవ్వ మాత్రం తన మిద్దెలోకి తిరిగి వెళ్లింది. వెనక గోడను మట్టితోనే మళ్లీ పెట్టుకుంది. పక్కా ఇంటికి అర్జీ పెట్టించాను; కాగితాలు తిరుగుతూ ఉన్నాయి. అప్పటివరకు వాన మొదలైన ప్రతి రాత్రీ ఆమె ఎదురింటి వరండాలో పడుకుంటుంది. మంచం అక్కడే మడిచి పెట్టి ఉంటుంది. పాత వీధిలో ఇంకా పది మిద్దెల్లో జనం ఉన్నారు. ఈ కేసులో పూర్తికాని పని అదే, అన్నిటికంటే పెద్ద పనీ అదే.

స్థాయి దించిన రోజు పాల కేంద్రం అన్న పురికొస విప్పబోతూ అడిగాడు, ఇక పుస్తకం ఎందుకు మేడమ్ అని. ఉంచమన్నాను. 1991 ఏప్రిల్ 2న పినతుబో మొదటిసారి ఆవిరి చిమ్మేనాటికి ఆ కొండ మీద ఒక్క పరికరం కూడా లేదు. అది మామూలు రోజుల్లో ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఏది అసాధారణమో తేల్చుకోవడానికే విలువైన రోజులు పట్టాయి. ఏమీ లేని రోజు కూడా రాయన్నా అన్నాను. కిందటి నెల వెళ్లినప్పుడు చూశాను. అది నాలుగో పుస్తకం. పాల లెక్క రాసే నీలి సిరాతోనే, రోజుకు రెండుసార్లు, పేజీల నిండా ఒకే మాట: ఏమీ లేదు. కాలనీ నుంచి వచ్చే ఇద్దరి పేర్ల ఎదురుగా కూడా: దొర్లుడు లేదు.